జవాబు రాయని ఫ్రెంచి స్నేహితుడు

సీబీఎస్ఈ స్కూళ్ళలో తొమ్మిది, పది తరగతుల ఫ్రెంచి వాచకం పేరు 'ఆంత్ర్ జ్యొన్'. కుర్రకారు తమలో తాము మాట్లాడుకుంటున్నట్టు అని అర్థం చెప్పుకోవచ్చు. పదో తరగతి పుస్తకంలో చిట్టచివరిదైన పన్నెండో పాఠం 'వేర్ అం మోంద్ అంతెర్‌క్యుల్త్యురెల్', అంటే 'అంతర్‌సాంస్కృతిక ప్రపంచం వైపు'. చివరి పాఠానికి మన బళ్ళలో ఏ గతి పడుతుందో అందరికీ తెలిసిందే. సిలబస్ అయిందనిపించడానికి ఓ పీరియడ్‌లో చదివించేసి రివిజన్‌లోకి దూకుతారు. నా గొడవ దాని గురించి కాదు. ఒక సంస్కృతి ఇంకో సంస్కృతిని కలుసుకోవడం పన్నెండో పాఠం దాకా ఆగాల్సిన విషయమా? 'బోఁజూర్' అన్న మొదటి మాట దగ్గరే మొదలవ్వాలి కదా!

మా అక్క కూతురి పుణ్యమా అని ఈ రెండు పుస్తకాలూ, వాటితోపాటు ఒక కట్ట పాత ప్రశ్నపత్రాలూ చదివాను. విమర్శ అంటే కథల మీదా కవిత్వం మీదా రాసేదేనని మనకో అలవాటు ఉంది. కానీ పదిహేనేళ్ళ వయసులో మన పిల్లలు అక్షరం అక్షరం చదివే పుస్తకాలు ఇవే. కింద గీతలు గీసి, బట్టీపట్టి, చూడకుండా మళ్ళీ రాసి మరీ చదువుతారు. ఏ నవలకి ఉంది అంత అదృష్టం? పైగా హైదరాబాదులోనో విశాఖలోనో ఇంగ్లీషు మీడియం పిల్లకి టైమ్ టేబుల్ మొత్తమ్మీద ఇంకో జాతి మనుషుల్ని వాళ్ళ సొంత మాటల్లో కలుసుకునే వీలు దొరికేది ఈ ఒక్క పీరియడ్‌లోనే. 'ఫ్రెంచి అయితే మార్కులు పడతాయి' అని తీసుకున్నా సరే, దొరికేది మాత్రం ఆ వీలే.

భాషాబోధనలో ఈ 'అంతర్‌సాంస్కృతిక' సంగతిని పద్ధతిగా చెప్పినవాడు మైఖేల్ బైరమ్. 1997లో వచ్చిన ఆయన పుస్తకాన్ని తలుచుకోకుండా ఈ రంగంలో ఎవరూ వ్యాసం మొదలుపెట్టరు. ఆయన లెక్కలో ఈ సామర్థ్యానికి ఐదు భాగాలున్నాయి. ఎదుటివాళ్ళ గురించిన సమాచారం అందులో ఒక్క భాగం. మిగతా నాలుగూ వేరు: కుతూహలం, వాళ్ళ పద్ధతిని మన పద్ధతి పక్కన పెట్టి చదవగలగడం, తెలియనిదాన్ని ఆ మనుషుల్నే అడిగి తెలుసుకోగలగడం, ఆఖర్న వాళ్ళనీ మననీ కూడా ఒకే తూకంతో తూచగలగడం. వీటన్నిటి వెనకా ఆయన ఆశించే గుణం ఒకటుంది. మన అలవాట్లు ప్రకృతిసిద్ధమైనవి అనే నమ్మకాన్ని కాసేపు పక్కన పెట్టడానికి సిద్ధపడటం. మంచి కథ మన చేత చేయించే పని కూడా ఇదే. అందుకే ఈ వాచకాల్ని సాహిత్యం చదివేవాళ్ళు చదవాలంటున్నాను.

తొమ్మిదో తరగతి విషయసూచిక చూడండి. కుటుంబం, లిసే అంటే హైస్కూలు, పోలిన్ అనే అమ్మాయి రోజు, ఋతువులు, ప్రయాణాలు, ఆటలూ కాలక్షేపాలూ, పాకెట్ మనీ, కొనుగోళ్ళు, పొద్దుటి ఫలహారం, ఫ్యాషన్, పండుగలు, చివరగా ఫ్రెంచి మాట్లాడే దేశాలు. ఈ వరస చూస్తే ఫ్రాన్స్ ఎప్పుడూ ఆదివారం పూటే ఉండే దేశం అనిపిస్తుంది. తిండి, బట్టలు, పండుగలు వరసగా తొమ్మిది, పది, పదకొండు పాఠాలు. పదో తరగతికి వచ్చేసరికి కాస్త బరువు పెరిగిన మాట నిజమే. ఉద్యోగం వెతుక్కోవడం, మీడియా, పర్యావరణం, రిపబ్లిక్ వస్తాయి. ప్యారిస్ ప్రచురణకర్తలు ప్రపంచం మొత్తానికీ కలిపి అచ్చేసే వాచకాలూ దాదాపు ఇదే తోవలో నడుస్తాయి. కాకపోతే వాళ్ళకి ఒక సాకుంది. ఆ పుస్తకం ఎవరు చదువుతారో వాళ్ళకి తెలీదు, బ్రెజిల్ పిల్లాడో, వియత్నాం పిల్లో. ఇది మాత్రం మన బోర్డు మన పిల్లల కోసం వేసిన పుస్తకం. చదివేది ఎవరో తెలిసి వేసిన పుస్తకం.

పరీక్ష సంగతి త్వరగా చెప్పేస్తాను. 80 మార్కుల పేపర్లో వ్యాకరణానికి 30, 'సంస్కృతి, నాగరికత' అనే విభాగానికి 20. సంస్కృతికి మార్కులు కేటాయించడం మెచ్చుకోవాల్సిన విషయమే, మన తెలుగు పేపరులో అలాంటి విభాగం ఎక్కడుంది? తీరా చూస్తే ప్రశ్నల తరహా ఇది: రెండు ఫ్రెంచి చీజుల పేర్లు రాయండి, రెండు దినపత్రికల పేర్లు రాయండి, ఫ్రెంచి జెండా రంగులేమిటి. నేను సమాచారానికి వ్యతిరేకిని కాదు. కామాంబేర్ అనేది తినేదో తొడుక్కునేదో తెలియకపోతే ఫ్రెంచి నవల్లో రెండు పేజీలు కూడా ముందుకెళ్ళవు. కానీ ఆ చీజు ముక్క జీవితంలో ఎన్నడూ నోట్లో పెట్టుకోని పిల్ల దాని పేరు రాసి మార్కు తెచ్చుకుంటే, అక్కడ జరిగిన సాంస్కృతిక పరిచయం ఏ పాటిది?

అసలు సంగతంతా ఉత్తరంలో ఉంది.

రాత విభాగంలో తప్పకుండా ఒక ఉత్తరం ఉంటుంది. ఫ్రాన్స్‌లో ఉన్న మీ స్నేహితుడికి రాయండి: మీ రోజు ఎలా గడుస్తుందో చెప్పండి, సెలవులకి భారతదేశం రమ్మని పిలవండి, మీ దేశంలో ఒక పండుగని వర్ణించండి. మొత్తం వాచకంలో మన పిల్ల తనను తాను పరిచయం చేసుకునే చోటు ఇదొక్కటే. కాబట్టి ఇది అన్నిటికన్నా విలువైన ప్రశ్న. దీనికి గైడ్లలో, ట్యూషన్ నోట్సుల్లో దొరికే జవాబులు చూడండి. పండుగ అంటే దీపావళి. దీపాల పండుగ. రాముడు అయోధ్యకి తిరిగొచ్చిన రోజు. మిఠాయిలు, టపాకాయలు, కొత్తబట్టలు. ఇట్లు, మీ స్నేహితురాలు.

తెలుగిళ్ళలో దీపావళి కథ నరకాసుర వధ కదా. సత్యభామ విల్లు పట్టిన రోజు. ముందురోజు నరక చతుర్దశి, తెల్లవారకముందే తలంటు. రాముడు అయోధ్య చేరిన దీపావళి ఉత్తరాదిది. అది తప్పని కాదు, అదీ ఇండియానే. కానీ ఈ పిల్ల తన అమ్మమ్మ చెప్పిన కథ వదిలేసి, ఎవరో చెప్పిన కథని 'మా సంస్కృతి' అని సంతకం పెట్టి ఫ్రాన్స్‌కి పంపిస్తోంది. ఇంకో దేశం గురించి నేర్చుకునే క్రమంలో తన ఇంటిని టూరిజం శాఖ బ్రోషర్‌లాగా చెప్పడం నేర్చుకుంటోంది. బోనాలు ఎవరూ రాయరు, ఫ్రెంచిలో కష్టం అంటారు. కష్టమేం కాదు. కుండ, అన్నం, తల, అమ్మవారు, ఆడవాళ్ళు, వీధి, వాన... ఇవన్నీ తొమ్మిదో తరగతి మాటలే. పోతురాజు దగ్గర కాస్త తడబడతాం, నిజమే. తడబడితే ఏం? పరభాషలో మన సంగతి చెప్పబోయి మాట దొరక్క ఆగిపోయిన క్షణంలోనే 'ఇదసలు ఏంటి?' అని మనల్ని మనం అడుగుతాం.

ఆ ఉత్తరం అందుకున్న స్నేహితుడు చాలా మంచివాడు. ఎప్పుడూ జవాబు రాయడు. అర్థంకాలేదని అనడు, ఇబ్బందిపెట్టే ప్రశ్న అడగడు. రమ్మని ఏటా ఎన్ని వేలమంది పిల్లలు పిలిచినా రాడు. ఒక్కసారి వచ్చిందనుకుందాం, ఆ పోలిన్ అనే అమ్మాయే. కొండాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీలో, పన్నెండో అంతస్తులో, రెండు వారాలుంది. మూడోరోజు అడుగుతుంది: ఆ లిఫ్ట్‌లో మనం ఎందుకు ఎక్కకూడదు? అది పనివాళ్ళదా? ఎందుకు? వంటింట్లో ఆ స్టీలు గ్లాసు విడిగా కిటికీలో ఎందుకు పెట్టారు? దానికి ఫ్రెంచిలో ఏం చెబుతాం? తెలుగులోనే ఏం చెబుతాం? బైరమ్ చెప్పిన సామర్థ్యం అవసరమయ్యేది అప్పుడు. మన వాచకం ఆ క్షణానికి పిల్లల్ని సిద్ధం చెయ్యదు, ఎందుకంటే దాని ఊహలో పోలిన్ తార్తీన్ తిని బడికెళ్ళి ఇంటికొచ్చి పడుకునే అమ్మాయి మాత్రమే.

ఇప్పుడు ప్రశ్న ఇటునుంచి అటు వెయ్యండి. టోలీచౌకి నుంచో మలక్‌పేట నుంచో వచ్చే ఒక అమ్మాయి, తలకి స్కార్ఫ్ కట్టుకుని ఫ్రెంచి క్లాసులో కూర్చుంది. తొమ్మిదిలో లిసే గురించి చదివింది, పదిలో 'వీవ్ లా రెపుబ్లిక్' చదివింది. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం, మరియాన్ బొమ్మ, మూడురంగుల జెండా... మార్కులన్నీ తెచ్చుకుంది. ఆ లిసేలోకి అదే స్కార్ఫ్‌తో అడుగుపెట్టడానికి తనకి వీల్లేదన్న సంగతి ఆమెకి ఎవరు చెబుతారు? ప్రభుత్వ బళ్ళలో, కాలేజీల్లో, లిసేల్లో మతచిహ్నాలు కొట్టొచ్చినట్టు కనపడేలా వేసుకోవడాన్ని ఫ్రాన్స్ 2004 మార్చిలో చట్టం చేసి మరీ నిషేధించింది. సిక్కు పిల్లాడి తలపాగాకీ, యూదు పిల్లాడి టోపీకీ అదే వర్తిస్తుంది. 2023 సెప్టెంబరులో బడులు తెరిచేసరికి అబాయాలు కూడా ఆ జాబితాలో చేరాయి.

పాఠం ఫ్రాన్స్‌ని తిట్టాలని నేననడం లేదు. అది ఇంకా సులువైన దారి, మన దగ్గర ఎవరో ఒకరు సంతోషంగా తొక్కుతారు కూడా. చర్చినీ రాజ్యాన్నీ విడదీసిన 1905 చట్టం వెనక ఎంత పోరాటం ఉంది, బడిని పాదరీల చేతుల్లోంచి లాక్కోవడం ఫ్రెంచి రిపబ్లిక్‌కి ఎందుకు ప్రాణం మీదికొచ్చిన విషయమైంది, 'లాయిసితే' అన్న మాటకి మన 'సెక్యులరిజం' ఎందుకు సరిగ్గా అతకదు... ఇవన్నీ తెలిస్తే ఆ అమ్మాయి ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఎదుటివాళ్ళు ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నారో పోల్చుకోగలుగుతుంది. 2022లో కర్ణాటక కాలేజీల గేట్ల దగ్గర ఏం జరిగిందో ఆమెకి బాగానే తెలుసు. రెండిటినీ పక్కపక్కన పెట్టి, ఏది ఎక్కడ ఒకటి, ఎక్కడ కాదు అని ఆలోచించగలిగితే అంతకన్నా మంచి ఫ్రెంచి పాఠం ఏముంటుంది? ఆ పాఠం జరగనప్పుడు మరియాన్ ఒక బొమ్మగానే మిగిలిపోతుంది.

అన్నిటికన్నా చేతికందేలా ఉండి కూడా జారిపోయేది ఇంకోటుంది: 'తు', 'వూ'. నువ్వు, మీరు. ఇంగ్లీషులో ఒక్క 'యూ'తో సరిపెట్టుకునే పిల్లకి ఫ్రెంచిలో ఇది కనపడగానే ప్రాణం లేచిరావాలి, ఎందుకంటే ఇది తెలుగే. మన క్లాసుల్లో అది ఒక చిన్న వ్యాకరణ సూత్రంగా ఐదు నిమిషాల్లో అయిపోతుంది: ఇంట్లోవాళ్ళకీ స్నేహితులకీ పిల్లలకీ తు, పెద్దవాళ్ళకీ కొత్తవాళ్ళకీ వూ, క్రియ చివర ఇలా మార్చుకోండి. అంతే.

కాస్త ఆగి చూస్తే ఎంత ఉందో! ఫ్రెంచి పిల్ల ఇవాళ అమ్మనీ నాన్ననీ ఇద్దర్నీ తు అంటుంది. కోస్తాలో చాలా ఇళ్ళల్లో అమ్మ నువ్వు, నాన్న మీరు. తెలంగాణలో నాన్న కూడా నువ్వే అయిన ఇళ్ళు బోలెడు, అందులో అమర్యాద ఏమీ లేదు. దాన్ని అమర్యాద అనుకుని వెక్కిరించిన సినిమాలు, క్లాసు రూములు మనకి కొత్తకాదు. దేవుడు మనకి ఎప్పుడూ నువ్వే. ఫ్రెంచి కథోలికుల ముఖ్య ప్రార్థనలో దేవుడు 1966 దాకా వూ, ఆ తర్వాత తు. విప్లవం ఉధృతంగా ఉన్న 1793లో 'వూ' దొరల కాలపు మాటనీ, పౌరులంతా ఒకర్నొకరు తు అనే పిలుచుకోవాలనీ పట్టుబట్టినవాళ్ళున్నారు. ఎక్కువకాలం నిలవలేదు. ఇక ఎదురుగా లేని మనిషి గురించి చెప్పడానికి ఫ్రెంచికి 'ఇల్', 'ఎల్' చాలు. మనకి వాడు, అతను, ఆయన, వారు. అది, ఆమె, ఆవిడ, వారు. ఒక మనిషి గురించి నోరు తెరిచే లోపే ఆ మనిషిని ఏ మెట్టు మీద నిలబెట్టాలో తేల్చుకోవాలి.

ఆ పిల్ల నోట్సులో శుభ్రంగా రాసుకుంది: పరిచయం లేని పెద్దవాళ్ళందరికీ వూ. బస్సు డ్రైవరుకి వూ, కూరగాయలమ్మే ఆవిడకి వూ, కుళాయి బాగుచెయ్యడానికి వచ్చినాయనకి వూ. పుస్తకం మూసి కిందికి దిగి అరవయ్యేళ్ళ వాచ్‌మన్‌తో, "అంకుల్, నువ్వు గేటు తియ్" అంటుంది. పక్కింటి రిటైర్డ్ ఆఫీసరుతో, "అంకుల్, మీరు ఎప్పుడొచ్చారు?" అంటుంది. ఇద్దరూ అంకుళ్ళే. ఈ తేడా ఆమెకి ఎవరూ నేర్పలేదు, పుట్టినప్పట్నుంచీ వినివిని వచ్చింది. ఎవరు ఎవర్ని నువ్వనొచ్చో, ఎవరు చెట్టంత కొడుకులున్నాక కూడా ఊళ్ళో పిల్లకాయల చేత 'ఒరేయ్' అనిపించుకున్నారో, దాని వెనక కులం ఎంత ఉందో, మన దళిత కథలు ఎన్నోసార్లు చెప్పాయి. ఫ్రెంచి సూత్రాన్ని ఒక్కరోజు తెలుగులో వాడి చూడండి అని టీచరు హోంవర్క్ ఇస్తే చాలు. అపార్ట్‌మెంట్‌లో అందరికీ మీరు. సాయంత్రానికి ఎవరు ఎలా చూశారో వచ్చి చెప్పండి. మన అలవాటు ప్రకృతిసిద్ధం కాదని తెలియడానికి ప్యారిస్ టికెట్ అక్కర్లేదు.

తెలంగాణలో 2018 చట్టం తర్వాత అన్ని బోర్డుల బళ్ళలోనూ తెలుగు తప్పనిసరి అయ్యింది. అంటే ఒకే పిల్ల ఒకే రోజు రెండు పీరియడ్లలో ఈ రెండు భాషలూ చదివే అవకాశం ఇప్పుడుంది. తెలుగు టీచరూ ఫ్రెంచి టీచరూ స్టాఫ్ రూములో పక్కపక్కనే కూర్చుంటారు. పాఠాలు మాత్రం ఒకదాన్నొకటి పలకరించుకోవు.

పదో తరగతిలో తొమ్మిదో పాఠం పేరు 'మెట్రో, బూలో, దోదో'. రైలెక్కడం, పని చెయ్యడం, పడుకోవడం. 1951లో పియేర్ బెయార్న్ రాసిన ఒక కవితలోంచి పుట్టి, 1968 మే నాటికి ప్యారిస్ గోడలమీద నినాదమైన మాట. హైదరాబాదు పిల్లకి దీన్ని అర్థం చెయ్యడానికి శ్రమపడనక్కర్లేదు, ఇంట్లో అమ్మానాన్నలే సాక్ష్యం. పైగా మన మెట్రోలోనే ఒక ఫ్రెంచివాడున్నాడు. మలక్‌పేట దాటాక వచ్చే మూసారాంబాగ్ స్టేషన్‌లో ఉన్నది మిషెల్ రేమోఁ. గాస్కనీలో 1755లో పుట్టి, నిజాం సైన్యంలో దళపతి అయ్యి, ఇక్కడే 1798లో పోయాడు. ముసల్మానులకి మూసా రహీమ్, హిందువులకి మూసా రామ్ అయ్యాడని చెబుతారు. సమాధి ఆస్మాన్‌గఢ్‌లో ఉంది. ఆయన పెట్టించిన ఫిరంగుల కార్ఖానా పేరే గన్‌ఫౌండ్రీ. ఇంకొంచెం వెనక్కి వెళితే 1757 జనవరిలో బొబ్బిలి కోట ముందు బుస్సీ దొర ఉన్నాడు. ఫ్రెంచివాళ్ళూ తెలుగువాళ్ళూ కలుసుకున్న చరిత్రలో ఫిరంగి కూడా ఉందన్నమాట, క్రొయ్సాఁ ఒక్కటే కాదు.

అటు గోదారి ఒడ్డున యానాం ఉంది. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న తెలుగు ఊరు. 'ఫ్రాంకొఫొనీ' పాఠంలో మ్యాపు చూపించి, ఏయే ఖండాల్లో ఏయే దేశాలు ఫ్రెంచి మాట్లాడతాయో నేర్పుతాం. ఎందుకు మాట్లాడతాయి అనే ప్రశ్న సెనెగల్ గురించి అడగడానికి మొహమాటమైతే యానాం గురించి అడగొచ్చు. బ్రిటిష్ ఇండియాలో 1929 శారదా చట్టం బాల్యవివాహాల్ని ఆపితే, ఆ చట్టం యానాంలో చెల్లదు కాబట్టి చుట్టుపక్కల జిల్లాల వాళ్ళు పిల్లల్ని తీసుకొచ్చి అక్కడ పెళ్ళిళ్ళు చేశారు. మానవ హక్కుల ప్రకటన చేసిన దేశపు జెండా కింద, మన వాళ్ళ చేతుల మీదుగా. ఇందులో ఎవరి సంస్కృతి మంచిది, ఎవరిది చెడ్డది? ఈ ఒక్క ఉదాహరణతో మూడు పీరియడ్లు గడపొచ్చు. ఏ పక్షానికీ పూర్తిగా అనుకూలంగా రాదు కాబట్టే ఇది పనికొస్తుంది.

ఫ్రెంచి చెప్పే మిత్రులతో ఈ మాట అంటే వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. రెండేళ్ళు చదివిన పిల్లలకి భూతకాలమే కుదురుగా రాదు, వాళ్ళ చేత కులం గురించీ లాయిసితే గురించీ మాట్లాడించమంటారా? న్యాయమైన మాటే. వారానికి కొన్ని పీరియడ్లు, క్లాసునిండా పిల్లలు, పైన మార్కుల ఒత్తిడి. కానీ చర్చ తెలుగులోనో ఇంగ్లీషులోనో జరిగితే నష్టమేంటి? ఫ్రెంచిలో ఒక్క ప్రశ్న చాలు. 'పూర్క్వా', ఎందుకు, అనే మాట మొదట్లోనే నేర్పుతారు. దాన్ని వ్యాకరణం ఖాళీలు పూరించడానికి మాత్రమే వాడుతున్నాం.

పుస్తకం మార్చడానికి ఏళ్ళు పడుతుంది, ప్రశ్నపత్రం మార్చడానికి అంత పట్టదు. ఉత్తరం ప్రశ్న అలాగే ఉంచండి, దిశ మాత్రం తిప్పండి. ఈసారి రాసేది పోలిన్. ప్యారిస్‌లో లా షాపెల్ వైపు తమిళుల దుకాణాలు వీధులనిండా ఉంటాయి, ఆమె ఉండేది అక్కడే అనుకుందాం. ప్రశ్నపత్రంలో ఆమె ఉత్తరం ఇలా అచ్చవుతుంది, తొమ్మిదో తరగతి ఫ్రెంచిలో: "నీ ఉత్తరం అందింది. దీపావళి రాముడి పండుగ అన్నావు. మా కింద కొట్టు నడిపే ఆవిడ కాదు, నరకుడనే రాక్షసుడు చచ్చిన రోజు అంటోంది. మీ అమ్మమ్మ ఏమంటుంది? నేను ఆ కొట్టావిడని వూ అనే పిలుస్తాను. మీ ఇంట్లో పనిచేసే ఆవిడని నువ్వు ఏమని పిలుస్తావు? ఎందుకు?"

ఈ ఉత్తరానికి 80 మాటల్లో జవాబు రాయండి. 10 మార్కులు.